ఏళ్ల గదిలో రాహుకాలం

డాక్టర్ కోదండపాణి గారు చాలా మంచివారని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఉండనివ్వండి. ఆయన చేతి కింద పదహారేళ్లు పనిచేసినవాణ్ణి నేను. నా మాట కూడా ఒకటి రాసి పెడుతున్నాను.

నా పేరు ఓబులేసు. ఐటీఐ చదివాను. కదిరి దాటాక సోలార్ పార్కు పక్కనే ఉన్న పరీక్షా కేంద్రంలో టెక్నీషియన్‌ని. పాత సోలార్ ప్యానెళ్లు ఇంకా ఎన్నేళ్లు పనికొస్తాయో తేల్చడం మా పని. పన్నెండేళ్లు ఎండలో కాలిన ప్యానెల్ పైకి చూస్తే కొత్తదానిలాగే నిగనిగలాడుతుంది. రోగమంతా లోపల ఉంటుంది. కంటికి ఆనని పగుళ్లు, గాజు కింద పసుపు, అంచుల్లో తుప్పు. దాన్ని చీకటి గదిలో పెట్టి, ఎండతో సమానమైన వెలుగు ఒక్క క్షణం కొట్టి, ఎన్ని వాట్లు వస్తాయో చూస్తాం. మూడువందలు ఇవ్వాల్సింది రెండువందల అరవై ఇస్తుంది. అది ఈ రోజు సంగతి. ఇంకో ఇరవై ఏళ్లకి ఎంత ఇస్తుంది? పాత పార్కులు కొనడానికి వచ్చేవాళ్లకు ఆ అంకె కావాలి.

ఆ అంకె కోసమే కోదండపాణి గారు ఒక గది కట్టారు. కాగితాల్లో దాని పేరు రెండు వరుసలు ఉంటుంది. మేము మాత్రం ఏళ్ల గది అనేవాళ్లం. తలుపు వేసి మీట దించితే లోపల కాలం మనకంటే మూడువందల అరవై అయిదు రెట్లు వేగంగా నడుస్తుంది. బయట ఒక రోజు గడిస్తే లోపల ఒక ఏడాది. ఎలాగని నన్ను అడక్కండి. గోడల్లో తీగలు చుట్టింది నేనే గానీ అవి కాలాన్ని ఎలా పరిగెత్తిస్తాయో నాకు ఇప్పటికీ తెలియదు. లోపల కప్పుకి పెద్ద దీపాలు ఉంటాయి. అవే అక్కడి ఎండ. పన్నెండు గంటలు వెలుగుతాయి, పన్నెండు గంటలు ఆరిపోతాయి. బయట నిలబడి తలుపుకున్న అరచేయంత గాజులోంచి చూస్తే రెండు నిమిషాలు తెల్లగా, రెండు నిమిషాలు నల్లగా కనిపిస్తుంది. మేము టీ తాగి వచ్చేలోపు లోపల మూడు రోజులు తెల్లారేవి.

అసలు తంటా దుమ్ముతో వచ్చింది. పార్కులో ఎర్రదుమ్ము పడుతుంది కాబట్టి గదిలో కూడా ఫ్యాన్లతో అదే దుమ్ము ఊదేవాళ్లం. పార్కులో పదిహేను రోజులకోసారి ఆడవాళ్లు పొడుగు కర్రకి రబ్బరు కట్టిన వైపర్లతో ప్యానెళ్లు కడుగుతారు. మరి గదిలో ఎవరు కడగాలి? ముందు ఒక యంత్రం పెట్టాం. మూడు రోజుల్లో, అంటే దాని లెక్కలో మూడేళ్లలో, అది మూలపడింది. పైగా గాజు నిండా గీతలు పెట్టింది. కొనడానికి వచ్చినవాళ్ల ఇంజనీరు ఒప్పుకోలేదు. పార్కులో ఎట్లా కడుగుతారో గదిలో అట్లాగే కడగాలి, లేదంటే మీ అంకె మాకొద్దు అన్నాడు.

"మనిషి కావాలి ఓబులేసూ, అలవాటున్న మనిషి" అన్నారు కోదండపాణి గారు.

"మా ఇంటామె ఉంది సార్" అన్నాను. ఆ మాట ఎవరూ నా నోట్లోంచి లాగలేదు. నేనే అన్నాను.

అంజినమ్మ నా మేనమామ కూతురు. అప్పటికి ఏడేళ్లుగా పార్కులో ప్యానెళ్లు కడుగుతోంది. మే నెల ఎండలో, కాలే ఇనుప ఫ్రేముల మధ్య. గదిలో పని అనగానే నీడపట్టున ఉండొచ్చని సంతోషపడింది. గంటకోసారి లోపలికి పోవాలి. పన్నెండు ప్యానెళ్లు తీరిగ్గా కడగాలి. లోపల రెండు గంటల పని. మాకు మాత్రం ఇరవై సెకన్లు. తలుపు వేసి, ఊపిరి నాలుగైదుసార్లు పీల్చేలోపు బయటి దీపం వెలిగేది. అంటే ఆమె లోపల తాడు లాగిందని అర్థం. నేను మీట ఎత్తేవాణ్ణి. చెమటతో తడిసి, వైపరు భుజాన వేసుకుని బయటికి వచ్చేది. కడిగింది బాగాలేదనిపిస్తే కోదండపాణి గారు వెంటనే తెరవనిచ్చేవారు కాదు. ఇంకోసారి కడగమని గాజులోంచి వేలు చూపించేవారు. మిగతా రెండు షిఫ్టుల్లో పక్క ఊరి ఆడవాళ్లు వచ్చేవారు.

మొదట్లో ఇంట్లో అదొక వేడుక. అన్నం దగ్గర కూర్చుని మా పాప చందనకి కథలు చెప్పేది.

"లోపల నుంచి చూస్తే మీ నాయన, సారు, అందరూ రాతిబొమ్మలే పాపా. నిన్న మీ నాయన తుమ్మబోతా నోరు తెరిచినాడు. నేను ఒక వరస మొత్తం కడిగి వచ్చి చూసినా ఆ నోరు అట్లే ఉంది. ఆ మొగం చూడలేక సచ్చినా."

చందన పడీపడీ నవ్వేది. నేను కూడా నవ్వేవాణ్ణి. ఆ నవ్వులు నాలుగైదు నెలలు కూడా నిలవలేదు.

ఎనిమిది గంటల షిఫ్టులో ఆమె లోపల పదహారు గంటలు గడుపుతోందన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. నాకు తెలుసు, కానీ తట్టలేదు. రెండూ వేరు. ఆమెకి రోజుకి ఆరుసార్లు ఆకలేసేది. మా అమ్మ సణిగేది, కోడలు తిండిపోతు అయిందని. సంగటి ముద్ద డబ్బాలో పెట్టుకుని లోపలికి తీసుకుపోయేది. అక్కడే ఒక మూల కొంగు పరుచుకుని నిద్రపోయేది. నెలసరి పద్దెనిమిది రోజులకే వచ్చేది. ఆసుపత్రిలో బలానికి మాత్రలు ఇచ్చి పంపారు. ఒక ఆదివారం తల్లి గోళ్లు కత్తిరిస్తూ చందన అంది.

"నాయనా, అమ్మకి మళ్ల గోళ్లు పెరిగినాయి. మొన్నే కదా తీస్తిమి."

అప్పుడు చూశాను ఆమె తల వైపు. పాపిటకి రెండు పక్కలా నెరిసింది. ముప్పై రెండేళ్లకే.

మర్నాడు కోదండపాణి గారిని అడిగాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ ఎంతో ఓపిగ్గా చెప్పారు. "ఆమె ఆయుష్షులో ఒక్క నిమిషం కూడా తగ్గలేదు ఓబులేసూ. ఆమె గంటలు ఆమే గడుపుతోంది. మనం చూడటం లేదు, అంతే." అంత చదువుకున్న మనిషి చెబితే నిజమే అనిపించింది. ఇంటికి వచ్చి అదే మాట అంజినమ్మకి చెప్పాను.

"నా గంటలు నేను గడుపుతాంటే పాప నాకంటే ఎనకబడతా ఉంది" అంది. "దానికి పెండ్లీడు వచ్చేలోపల నేను ముసిల్దాన్నయిపోతా. నేను మానేస్తా బావా."

"ఈ ఒక్క పరీక్ష అయ్యేదాకా ఓర్చుకో. అది అయితే నన్ను పర్మినెంటు చేస్తామంటున్నాడు సారు."

"నీకు సారు మాటే మాట."

గొడవ పెద్దదైంది. నేను కంచం తోసేశాను. ఆమె మూడు రోజులు నాతో మాట్లాడలేదు, పనికి మాత్రం పోయింది.

ఆ పరీక్ష శుక్రవారంతో ముగిసింది. పార్కు నుంచి తెచ్చిన పాత ప్యానెళ్లు పన్నెండు. అంజినమ్మ బయట ఏడేళ్లు కడిగినవే. బయట ఇరవై రోజుల్లో వాటికి లోపల ఇరవై ఏళ్లు నిండాయి. వాటిని కొనే కంపెనీ పెద్దలు గెస్ట్‌హౌసులో దిగారు. వీడియో తీయడానికి తలుపు ముందు రెండు పెద్ద ఫోకస్ లైట్లు పెట్టారు. ఆఖరిసారి బాగా మెరిసేలా కడగమని అంజినమ్మకి చెప్పి, పది ఇరవై ఎనిమిదికి లోపలికి పంపాం.

అరనిమిషంలో బయటి దీపం వెలిగింది. మీట మీద చెయ్యి వేశాను.

"ఆగు" అన్నారు కోదండపాణి గారు. గడియారం చూసుకున్నారు. మీటకున్న తాళం తిప్పి, తాళంచెవి తీసి చొక్కా జేబులో వేసుకున్నారు. "ఈసారి తెరిచేది అతిథులు. ఇవాళ శుక్రవారం, పదిన్నర నుంచి రాహుకాలం. పన్నెండు దాటాక తెరుద్దాం."

"లోపల అంజినమ్మ ఉంది సార్."

"ఉండనీ. గంటన్నరలో ఏమవుతుంది?"

ఆ గదిని కట్టిన మనిషి అన్న మాట అది. కాలం గురించి పుస్తకాలు రాసిన మనిషి.

"ఇరవై మూడు రోజులు సార్" అన్నాను.

ఆయన ఒక క్షణం నా వైపు చూశారు. లెక్క ఆయన తలలో కూడా తిరిగింది, నాకు కనిపించింది. అక్కడే ఆయన తాళంచెవి బయటికి తీసి ఉండాలి. తీయలేదు. తప్పు ఒప్పుకోవడం కంటే తప్పు మీద నిలబడటం తేలిక కాబోలు.

"నీళ్లున్నాయి కదా లోపల, రెండువందల లీటర్లు" అన్నారు. "ఇందాకే నింపించావు. ఉపవాసాలు చేసేవాళ్లు లేరా? కాస్త ఓపిక పట్టు. ఇన్నేళ్ల కష్టం, చెడు ఘడియలో తెరిచి పాడుచేసుకోలేం."

"సార్, దయచేసి సార్. ఆమెని తీసుకుని మళ్లీ మూసేద్దాం సార్."

"ఆఖరిసారి తెరిచేది ఒక్కసారే ఓబులేసూ. ఆడది కదా, కంగారుపడుతుందేమో గానీ ఏమీ కాదు."

గాజు నల్లబడింది. అంజినమ్మకి మొదటి రాత్రి. బతిమాలుతూనే ఉన్నాను. గాజు తెల్లబడింది. మళ్లీ నల్లబడింది. అప్పుడప్పుడు గాజు మీద ఒక మసక మరక కనిపించి పోయేది. ఆమె చేతులవి. బయటి నుంచి చూసేవాడికి లోపలి మనిషి అంతకంటే కనిపించదు.

పది ముప్పై తొమ్మిదికి ఆయనకి ఫోను వచ్చింది. అతిథులకి భోజనంలో ఏం కావాలో కనుక్కుంటూ వరండాలోకి నడిచారు. నేను వెంట నడిచాను. వేలు చూపించి నన్ను ఆగమన్నారు. ఆగాను. రాస్తుంటే ఒళ్లు మండుతోంది, కానీ ఆగాను. ఆ ఫోను పదకొండు నిమిషాలు సాగింది. లోపల దాదాపు మూడు రోజులు.

మెయిన్ స్విచ్చి తీసేద్దామని పరిగెత్తాను. అక్కడ ఎర్రక్షరాల బోర్డు ఉంది, లోపల ప్రాణి ఉండగా కరెంటు తీయరాదని. తీస్తే ఏమవుతుందో రాయలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తాళం కోసే మిషను కోసం స్టోరుకి పోయాను. స్టోరు ఇన్‌ఛార్జి మద్దిలేటి పుస్తకం తెరిచాడు.

"ఇండెంటు ఏదప్పా?"

"మనిషి లోపల ఉంది మద్దిలేటీ. నా పెండ్లాం."

"ఉండొచ్చప్పా. సారు సంతకం లేకుండా ఇస్తే నా ఉద్యోగం పోతాది. నువ్వు ఇస్తావా నాకు?"

వాడితో అరిచి, పుస్తకం లాక్కుని, మళ్లీ అక్కడే పడేసి వచ్చేసరికి పదకొండు పది దాటింది. తలుపు గాజు నల్లగా ఉంది. మరకలు కనిపించడం మానేసి చాలాసేపయింది.

కోదండపాణి గారి కాలరు పట్టుకుని గోడకి అదిమి, జేబు చింపి తాళంచెవి తీశాను. పదహారేళ్లలో మొదటిసారి ఆయనని ముట్టుకున్నాను. కళ్లజోడు కింద పడి పగిలింది. "రాహుకాలం రా!" అని అరిచారాయన. ఆ సమయంలో ఆయన నోట్లోంచి వచ్చింది ఆ మాటే.

పదకొండు పద్నాలుగుకి తలుపు తెరుచుకుంది. దీపం వెలిగి నలభై అయిదు నిమిషాలు. లోపల పదకొండు రోజులు పైన.

ప్యానెళ్ల స్టాండు కింద, కడిగిన నీళ్లు పారే కాలువలో మొహం పెట్టి పడి ఉంది అంజినమ్మ. పెదవులు పగిలి ఎర్రమట్టి పట్టాయి. చీర నడుముకి నిలవడం లేదు. ఎత్తుకుంటే మా పాప బరువు కూడా లేదు. ట్యాంకు మూత తెరిచే ఉంది. అడుగున చుక్క లేదు.

నేను ఆమెని అంబులెన్సులో ఎక్కిస్తుంటే కోదండపాణి గారు తలుపు మళ్లీ మూయించారు. పన్నెండు గంటల అయిదు నిమిషాలకి అతిథుల చేత కొబ్బరికాయ కొట్టించి, మొదటిసారి తెరుస్తున్నట్టు తెరిపించారు. ప్యానెళ్లు సగటున రెండువందల ముప్పై ఒక్క వాట్లు ఇచ్చాయట. అనుకున్నదానికంటే ఎక్కువే. చప్పట్లు కొట్టారట.

నాలుగు రోజుల తర్వాత విచారణ జరిగింది. కోదండపాణి గారు కొత్త కళ్లజోడుతో వచ్చారు. "రెండువందల లీటర్ల నీళ్లు. పొదుపుగా వాడితే నెలకి పైగా బతకొచ్చు. ఆమె రెండు రోజుల్లో ఒలకబోసింది. ప్యానెళ్ల మీద ఎండిన నీటి మరకల లెక్క కూడా అదే చెబుతోంది. బుర్ర లేకపోతే ఎవరేం చేస్తారు?" అన్నారు. విచారణకి కూర్చున్న నలుగురూ తలలు ఊపారు. నిజం చెప్పాలంటే ఆ మాట నాలో కూడా గుచ్చుకుంది. ఇంత అనుభవం ఉన్న మనిషి, లోపల ఇరుక్కున్నానని తెలిసీ నీళ్లెందుకు పారబోసింది? ఆయన మీద కోపం, మద్దిలేటి మీద కోపం, చివరికి ఆమె మీద కూడా కోపం. అంతా నెత్తిన పెట్టుకుని ఆసుపత్రికి పోయాను.

అంజినమ్మ మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుంది. సెలైను ఎక్కుతోంది. బయటికి వచ్చినప్పటి నుంచి నాతో మాట్లాడలేదు. చందనతో, నర్సుతో మాట్లాడుతోంది. నాతో లేదు.

"ట్యాంకు నీళ్లన్నీ ఏం చేసినావు?" అన్నాను. పలకరింపు లేదు, ఏమీ లేదు. "తలుపు తెరుచుకోలేదని తెలిసినాక నీళ్లు దాపెట్టుకోవాలని తెలీదా? నీవల్ల వాళ్లు తప్పించుకుంటాండారు."

ఆమె నా వైపు తిరిగింది.

"కడిగితి" అంది.

"దేనికి?"

"గాజు కాడికి వచ్చి చూస్తి. లైట్లు పెట్టినారు కదా, మీ మొగాలు బాగా కనపడతా ఉండె. నువ్వు, సారు ఎదురెదురుగా నిలబడి ఉంటిరి. గాజు కొడ్తి. నువ్వు నవ్వతా ఉంటివి."

"నేనా?"

"నువ్వే. పండ్లన్నీ కనపడేట్టు నవ్వతా ఉంటివి."

"నవ్వలేదే! గొంతు చించుకుని బతిమాలినా. సార్, దయచేసి సార్ అని..."

"గొంతు నాకు ఇనపడదు కదా. మొగమొక్కటే కనపడేది. పొద్దు గూకింది. మళ్ల తెల్లారింది. వచ్చి చూస్తే అదే నవ్వు. ఏదన్నా ప్రమాదమైతే నవ్వవు కదా అనుకుంటి. కడిగింది బాగలేదేమో, అందుకే సారు తెరవనీలేదేమో అనుకుని మళ్ల కడిగితి. వచ్చి చూస్తి. నవ్వతానే ఉంటివి. ఇంగోసారి కడిగితి. రెండు దినాలు అదే పని. చెంబు ట్యాంకు అడుగుకి తగిలినాక నిలిపితి. ఆ తర్వాత మీరిద్దరూ ఆడ లేరు."

నవ్వలేదని ఒట్టు పెట్టబోయి ఆగాను. ఆయన ముందు నిలబడి ఏది అడగాలన్నా, సెలవు అడగాలన్నా, జ్వరమని చెప్పాలన్నా నా మొహం ముందుగా అట్లా తయారవుతుంది. చేతులు కట్టుకోవడం, తల కొంచెం వంచడం, పళ్లు బయటపెట్టడం. పదహారేళ్లుగా చేస్తున్నాను. అది నవ్వులా ఉంటుందని నాకే తెలియదు. నా భార్య ప్రాణం అడుగుతున్నప్పుడు కూడా అదే మొహంతో అడిగాను. నా మీద నాకు కలిగిన అసహ్యం ఇంతా అంతా కాదు.

అంజినమ్మ నా మొహాన్నే చూస్తోంది. కళ్లలో తడి లేదు. ఇంకా తెలుసుకోవాల్సింది ఒక్కటే మిగిలినట్టు నెమ్మదిగా అడిగింది.

"సారు అంత నవ్వొచ్చే మాట ఏం చెప్పినాడు?"